కలపని గీత

ఆదివారం, రాత్రి

ఇవాళ గెలిచాను. పొద్దున అమీర్‌పేట మెట్రో కింద కూర్చుని, అగ్గిపెట్టెంత గళ్లు మూడు గీసుకుని, బొమ్మలో ఏది ఎక్కడుండాలో చూసుకున్నాను. మొదటి రెండు గళ్లలోనూ మెట్రో స్తంభం అంతా మింగేసింది. మూడోదాంట్లో దాన్ని ఎడమ అంచుకు తోసి, తాళంచెవులు చేసే యాదగిరి గొడుగును కుడివైపు కింద పెట్టాను. అప్పటికి కాగితం మీద అమీర్‌పేట కుదురుకుంది.

నల్ల ఇంకుతో గీతలంటే నాకు భయం లేదు. ముప్పై ఏళ్లు ఆఫీసులో బిల్డింగ్ ప్లాన్లు గీసిన చెయ్యి ఇది. అసలు చిక్కూ అదే. అక్కడ గీతకు గీత కలవకపోతే షీటు వెనక్కొచ్చేది. ఆ అలవాటుకొద్దీ ఇంతకుముందు వేసిన రెండు బొమ్మలూ, ఎన్ని నీళ్లరంగులు పూసినా ప్లాన్లలాగే మిగిలాయి. ఇవాళ గొడుగు అంచును ఎండ తగిలేచోట కలపకుండా వదిలేశాను. రంగు కూడా వెయ్యలేదు. అక్కడున్నది ఒట్టి తెల్లకాగితమే.

రంగులు ఆరాక యాదగిరికి చూపించాను. చాలాసేపు చూశాడు.

"మస్తుగున్నది సార్. మన ఛత్రి మీద గీడ ఎండ సుత కొడ్తున్నది."

వేలు పెట్టింది సరిగ్గా ఆ ఖాళీ మీదే.

రేపు బొమ్మను కాలనీ ప్రదర్శనకు ఇవ్వాలి. చూసేవాళ్లు ఆ ఖాళీని మర్చిపోయిన గీత అనుకుంటేనో... ఇంటికొచ్చాక పెన్ను మూత రెండుసార్లు తీశాను. రెండుసార్లూ పెట్టేశాను.