రూఫస్‌ని కట్టేసి మీటర్ చూడు

ఎరాల్,

ఇన్ని నెలల తర్వాత గని బస్సు దిగి నువ్వు ఇల్లు చేరేసరికి నేను వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉంటాను. మటన్ కూరిన రొట్టె ఓవెన్‌లో ఉంది, వేడి చేసుకో.

తినేముందు కరెంటు బిల్లు సంగతి చూడు, రేపే గడువు. ఫ్రిజ్ మీద పెట్టాను. చూసి గుండె పట్టుకోకు, అది అసలు రీడింగ్ కాదు, అంచనా. మీటర్ చూసే మనిషి వచ్చినరోజు మన రూఫస్ గేటు దగ్గర పళ్ళు బయటపెట్టి నిలబడిందట. "ఈ కుక్కకి నేను భోజనం కాలేనమ్మా" అని అతను అటునుంచటే పోయాడని పక్కింటి డల్సీ ఒకటే నవ్వు. మీటర్ చూడకపోతే కిందటేడు ఇదే వేసవిలో మనం వాడిందే మళ్ళీ వేసేస్తారు. మన దేశంలో క్రిస్మస్‌కే కదా ఎండలు మండేది, కిందటేడు ఆ ఎండల్లో నువ్వు నడుం పట్టేసి ఇంట్లోనే ఉన్నావు. ఏసీ, టీవీలో క్రికెట్, టీ కెటిల్ పొద్దంతా ఆగింది లేదు.

కుక్కని కట్టేసి మీటర్‌లో నల్ల అంకెలు రాసుకో. చివరి ఎర్ర అంకె వదిలెయ్. ఫోటో తీసి పంపితే బిల్లు మార్చి ఇస్తారు. సగానికి సగం తగ్గుతుంది. ఈ వేసవంతా వెలిగింది వంటింటి లైటొక్కటే. నా ఒక్కదానికోసం ఏసీ వెయ్యబుద్ధి కాలేదు.

నోరీన్

అడుగుతావని చెబుతున్నా, మీటర్ చదవడం నాకూ వచ్చు. బిల్లొచ్చి చాలా రోజులైంది. ఆ కాగితం లెక్కలోనన్నా వేసవంతా నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా అని ఊరుకున్నాను.