మాచా తాగిన మధ్యాహ్నం

శనివారం, నోవై (మిషిగన్)

ఈ రోజు జపనీస్ స్టోర్‌లో వెండింగ్ మెషీన్ నుంచి ఖరీదైన మాచా గ్రీన్ టీ బాటిల్ కొన్నాను. మూత తిప్పగానే అందులోని పచ్చటి పొడి నీళ్లలోకి రాలింది. కమ్మటి చేదు. మొత్తం తాగేశాక మా ఆయన లేబుల్ చదివి, "ఇంత కెఫీన్ ఉంది, చెక్ చేయలేదా?" అన్నాడు.

నాకు ఏడో నెల. ఎంతసేపు చూసినా లోపల బిడ్డ కదల్లేదు. కిందటిసారి పోయిన బిడ్డ కూడా ముందు ఇలాగే కదలడం మానేసింది.

డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు. ఇద్దరం కారెక్కాం. మానిటర్‌లో బిడ్డ గుండె చప్పుడు వినగానే ఆయన ఏడ్చేశాడు. "ఒక్క బాటిల్‌కి ఏమీ కాదు, బేబీ నిద్రపోతోంది" అంది నర్సు.

నమ్మాను. అయినా ఒక చేత్తో ఇది రాస్తూ, రెండో చేతిని పొట్ట మీద నుంచి తీయలేకపోతున్నాను...