ఈతచెట్టుకు పక్కకొమ్మ

చిరంజీవి ........ ఐశ్వర్యకు మీ నాయన దీవించి రాసేది. సింహాద్రిపురంలో మేం కులాసా. సిమ్లా చలిలో నువ్వూ కులాసా అని తలుస్తాండా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ అమ్మ మోకాలు పర్వాలేదు. నన్ను తిట్టేదానికి తోట దాకా నడిచి వస్తాంది. చీనీకాయల చెట్లు పూత మీద ఉండాయి. మూడోదానికి ఫోనులో నోరు పెగల్లా, అందుకే ఈ జాబు. దాని కాడికి రావాలంటే మన బోరు కాడి ఈతచెట్టు మీదుగా రావాల.

మీ బడి ముందర దేవదారు కొస మంచుకు విరిగిందని, రెండేండ్లకు పక్కకొమ్మ ఒకటి పైకి తిరిగి తానే కొసై నిలబడిందని రాసినావు కదా. ఆ మాట నాకు శానా నచ్చింది. నచ్చిన మాటను ఊరికే పెట్టుకోలేను, నీకు తెలుసు. ఈతమట్టలు కరెంటు తీగకు తగుల్తాంటే, మొవ్వుతో సహా చెట్టు తల కొట్టిస్తి. "పక్కకొమ్మ లేస్తాది, మన అమ్మి రాసింది" అంటి.

"కొమ్మ యాడుందప్పా లేసేదానికి?" అనె మీ అమ్మ.

నిజమే. దేవదారుకు ఒంటినిండా కొమ్మలు, ప్రతి కొమ్మ కొసనా చిగురు. ఈతచెట్టుకు ప్రాణమంతా నడినెత్తిన ఒక్క మొవ్వులోనే. ఎండకు తట్టుకుంటాది, వాన మొగం చూడకున్నా బతుకుతాది, ఆ మొవ్వు పోతే మాత్రం అంతే. ఇప్పుడది ఎండిన మొద్దు. పొద్దున్నే దాన్ని చూసి మీ అమ్మ, "ఏమప్పా, లేసెనా కొమ్మ?" అంటాది.

నిన్న ఆ మొద్దు కాడ కూచోని ఉంటే తట్టింది. ఈతచెట్టును దేవదారు అనుకోని చంపితి. నిన్ను మాత్రం ఈతచెట్టు అనుకుంటి. అల్లుడు పోయినాక "ఆ పిల్ల బతుకు అయిపాయ" అని బంధువులు అంటాంటే తల ఊపుతా కూచుంటి. మీ బళ్లో నీతోపాటు పాఠాలు చెప్పే వివేక్ నిన్ను చేసుకుంటానన్నాడని రాసి, "ఏమంటావు నాయనా?" అని నువ్వడిగితే, నలుగురికీ జడిసి ఇన్నాళ్లు గమ్మునుంటి. ఆ దేవదారు సంగతి నువ్వు ఎందుకు రాసినావో మీ అమ్మకు అప్పుడే అర్థమైంది. నాకు అర్థమయ్యేదానికి ఈ మొద్దు కావాల్సి వచ్చింది.

చేసుకో తల్లీ. బంధువులకు చెప్పుకునేది నేను చూసుకుంటా. చీనీ కోతకు ఆ అబ్బాయిని పిల్చుకొని రా. దేవదారు ఫొటో కూడా తే, మీ అమ్మ నా మాట నమ్మడం మానుకునింది.

ఈ జాబు పైన 'చిరంజీవి' తర్వాత చూడు. ముందు అక్కడ 'సౌభాగ్యవతి' అని రాసేవాణ్ని. అల్లుడు పోయినకాడ నుంచి ఆ మాట ఎగరగొట్టి రాస్తాండా. ఈసారి ఆడ చోటు వదిలినా.

ఇట్లు,
మీ నాయన
నారాయణ