టైలరమ్మ టొమాటో మొక్కలు

మార్చి 4, శనివారం

లైబ్రరీ వెనక గదిలో మొదటి క్లాసు. తోటపని నేర్పే వాలంటీర్లకు పన్నెండు వారాల ట్రైనింగ్. అది పూర్తయితే సర్టిఫికెట్, బ్యాడ్జ్. ఆ తర్వాత ఎవరి మొక్కకు ఏం వచ్చినా ఉచితంగా సలహా చెప్పాలి. నాకు సరిగ్గా సరిపోయే పని. ముప్పై నాలుగేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పాను. రిటైరై ఏడాదైంది, ఇంట్లో నా మాట వినే నాథుడు లేడు. ఫారం నింపింది కూడా మా ఆవిడే. సలహాలన్నీ ఊళ్లోవాళ్లకి చెప్పుకోండి, నన్నొదిలెయ్యండి అంది.

క్లాసు చెప్పేది భూసార పరీక్షల ల్యాబులో పాతికేళ్లు పనిచేసిన ఆవిడ. అందరూ మట్టి మేడమ్ అంటున్నారు. మొదటి గంటంతా మట్టి పిడికిట్లో పట్టుకుని చూస్తూ కూర్చోమంది. చూశాను. మట్టే.

మార్చి 18, శనివారం

రూలు ఏమిటంటే, ఎవరైనా ఆకు పట్టుకొస్తే వెంటనే జవాబు చెప్పకూడదు. ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఎప్పటినుంచి ఇలా ఉంది, నీళ్లు ఎలా పోస్తున్నారు, కొత్త చిగురు ఎలా ఉంది. వాళ్లు చెప్పింది స్లిప్పులో రాయాలి. మనకు తెలియకపోతే తెలియదని చెప్పి, వారంలోగా కనుక్కుని చెప్పాలి.

తెలియదంటే గౌరవం పోదా అని అడిగాను. ఎవరి గౌరవమండీ, మొక్కదా మీదా అని అడిగింది మట్టి మేడమ్. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

మార్చి 25

కుండీలో ముల్లంగి మొలిచింది. మా ఆవిడకు నాలుగుసార్లు చూపించాను, ఐదోసారి తలుపేసుకుంది.

ఏప్రిల్ 8, శనివారం

ఈ రోజు నుంచి లైబ్రరీ వరండాలో డెస్క్ ప్రాక్టీసు. పదకొండు మంది వచ్చారు, పదకొండు జవాబులు ఇచ్చాను. పక్క టేబుల్ వాళ్లు ముగ్గురికి చెప్పేసరికి నాది పూర్తయింది.

మా వీధి చివర కుట్టుమిషన్ షాపు టైలరమ్మ కూడా వచ్చింది. డాబా మీద ఆరు టొమాటో మొక్కలట. తనే విత్తనం నుంచి పెంచుకుంది. పచ్చికాయలు కూడా పడ్డాయట. ఆకులు పైకి ముడుచుకుపోతున్నాయని కవర్లో ఒకటి తెచ్చింది. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. చూడగానే వైరస్ అన్నాను. పీకేసి దూరంగా పారేయమన్నాను. అన్నీనా మాస్టారూ అంది. అన్నీ అన్నాను. ఆవిడ కవరు మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత స్లిప్పు చూస్తే ప్రశ్నల గడి ఖాళీగా ఉంది. నేనే నింపేశాను. అడగలేదు గానీ, అడిగితే అవే జవాబులు వచ్చి ఉండేవి.

ఏప్రిల్ 15, శనివారం

ఈ రోజు క్లాసు టొమాటో ఆకుల మీద. ఎండ ముదిరినా, నీళ్లు ఎక్కువ తక్కువైనా కింది ఆకులు పైకి ముడుచుకుంటాయట. పచ్చగానే ఉంటాయి, మొక్కకేమీ కాదు, కాయలు కాస్తుంది. అదే వైరస్ అయితే కొత్త చిగురు పసుపెక్కి, చిన్నబోయి కనిపిస్తుందట. మట్టి మేడమ్ తెర మీద ముడుచుకున్న పచ్చటి ఆకు ఒకటి చూపించింది. టైలరమ్మ కవర్లో తెచ్చింది అచ్చంగా అదే.

టైలరమ్మ షాపు తగలకుండా చుట్టూ తిరిగి ఇంటికొచ్చాను. సాయంత్రం కుండీల్లో టొమాటో విత్తనాలు వేశాను. ఎందుకని మా ఆవిడ అడిగితే ఊరికే అన్నాను.

ఏప్రిల్ 18

కర్టెన్లు కుట్టడం అయిపోయిందట, టైలరమ్మ దగ్గర్నుంచి తెమ్మంది మా ఆవిడ. మోకాలు నొప్పి అన్నాను. నిన్న కుండీల చుట్టూ గెంతిన మోకాలేనా అంది.

ఏప్రిల్ 29, శనివారం

టైలరమ్మే డెస్కు దగ్గరికి వచ్చింది. మూడు పండిన టొమాటోలు నా ముందు పెట్టింది. ఐదు పీకేసిందట. ఆరోదానికి చెయ్యి రాలేదట, వదిలేసింది. ఇప్పుడది విరగకాస్తోంది. చెడ్డవి తీసెయ్యమని మీరు చెప్పబట్టే కదా మాస్టారూ ఇదన్నా బతికింది అని అందరికీ వినపడేలా అంది. మట్టి మేడమ్ నా వైపు చూసి తలూపింది. నోరు తెరిచాను. ఒక టొమాటో తిన్నాను. తియ్యగా ఉంది, మహా బాగుంది, మింగుడు పడలేదు.

మే 6, శనివారం, ఉదయం 9

పొద్దున్నే బ్రెడ్డుకు వెళ్లిన మా ఆవిడ కబురు తెచ్చింది. బేకరీ ఆయన షాపు వెనక ఇరవై టొమాటో మొక్కలున్నాయి. వాటి ఆకులూ ముడుచుకున్నాయట. మాస్టారు చెప్పారు, పీకెయ్యండి అని టైలరమ్మ చెప్పిందట. ఆయన ఇప్పుడే మొదలుపెట్టాడట.

ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి మా ఆవిడ చెప్పు వేసుకుని పరుగెత్తాను. వెళ్లేసరికి రెండు పీకి, మూడోది పట్టుకున్నాడు. ఆగండి అని అరిచాను. రొప్పుతూనే మూడు ప్రశ్నలూ అడిగాను. ఎండలు ముదిరినప్పటినుంచట. నీళ్లు నాలుగు రోజులకోసారట. చిగురు వంగి నేనే చూసుకున్నాను, నిగనిగలాడుతోంది. నీళ్లు సరిగా పొయ్యండి, వీటికేం రోగం లేదు అన్నాను. మరి టైలరమ్మ మొక్కలకి రోగమన్నారుగా అన్నాడు.

టైలరమ్మ అక్కడే ఉంది. పీకినవి వెయ్యడానికి సంచి పట్టుకుని నిలబడింది.

అది వేరు, ఇది వేరు అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా. చివరికి, అమ్మా, మీ మొక్కలకి ఏ జబ్బూ లేదు, నేను ఏమీ అడక్కుండా చెప్పేశాను, తప్పు నాదే అన్నాను.

కాయలతో సహా పీకానే అంది. అంతే. సంచి కింద పెట్టి వెళ్లిపోయింది. బేకరీ ఆయన నాకు మంచినీళ్లిచ్చి, పీకిన రెండూ మళ్లీ నాటుకున్నాడు.

అదే రోజు, సాయంత్రం 5

మట్టి మేడమ్‌కు అంతా చెప్పాను, గడి నింపిన సంగతితో సహా. ఆవిడ ఫైల్లోంచి ఆ స్లిప్పు తీసి, నేను నింపిన గడి మీద వేలు పెట్టింది. తప్పు ఎవరైనా చెప్తారండీ, ఈ గడి మాత్రం మీరు తెలిసే నింపారు అంది. నా సర్టిఫికెట్ ఆగిపోయింది. ఇంకో పది శనివారాలు డెస్కులో కూర్చోవాలి. కొత్త బ్యాచ్‌కు ఈ స్లిప్పు పాఠం నేనే చెప్పాలి. తల కొట్టేసినట్టయింది. కానీ మూడు వారాల తర్వాత ఈ రోజే కడుపునిండా అన్నం తిన్నాను.

మే 20, శనివారం

అందరికీ బ్యాడ్జీలు ఇచ్చారు. నేను చప్పట్లు కొట్టాను. మొదట్లో కొంచెం కష్టమైంది, తర్వాత బాగానే కొట్టాను.

వచ్చేటప్పుడు ఐదు టొమాటో నారు మొక్కలు టైలరమ్మ షాపు మెట్టు మీద పెట్టాను. ఆవిడ మిషన్ మీంచి తలెత్తలేదు. సాయంత్రం అటు వెళ్తే మెట్టు ఖాళీగా ఉంది. లోపలికి తీసుకుందో, మేక తినేసిందో.

జూన్ 3, శనివారం

కొత్త బ్యాచ్‌కు పాఠం చెప్పాను. ఈ ఘనకార్యం ఎవరిదండీ అని ఒకాయన అడిగాడు. నాదే అన్నాను. అందరూ నోట్సు రాసుకున్నారు. ముప్పై నాలుగేళ్లలో నా క్లాసులో ఇంత శ్రద్ధగా ఒక్కరూ రాసుకోలేదు.

జూన్ 17, శనివారం

పక్క టేబుల్ దగ్గర బ్యాడ్జ్ పెట్టుకున్న వాలంటీరు ఖాళీగానే ఉన్నాడు. టైలరమ్మ ఆయన్ని దాటుకుని వచ్చి నా ముందు నిలబడింది. కవర్లోంచి నల్లచుక్కలున్న ఆకు తీసింది. తెలియదమ్మా అన్నాను. అయితే అడగండి మాస్టారూ అని కుర్చీ లాక్కుని కూర్చుంది.