మూడో బెంచీలో నా చోటు

లారీ షెడ్డు మెకానిక్ భార్యనైన నేను, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో మంచం మీద కూర్చుని ఈ వీలునామా రాసుకుంటున్నాను. మందులకు కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ మతి నిలకడగానే ఉంది. రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఎల్లుండి నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. ఆ మూడోసారికి నాకు భయం పట్టుకుంది. చదివింది అయిదో తరగతే, తప్పులుంటే మన్నించండి.

1. నా స్వార్జితమైన కుట్టుమిషను నా తదనంతరం మా తోటికోడలికి చెందాలి. దాని మీద ఇతరులెవరికీ హక్కు లేదు. అక్కా, నా కాజాలు ఎలకలు కొరికినట్టున్నాయని దుకాణంలో అందరి ముందూ అన్నావు. అది మరచిపోలేదు. అయినా మిషను నీకే. వారానికోసారి నూనె వేస్తే గోల చెయ్యదు.

2. మా ఆయన కోసం కత్తిరించిన నీలం చొక్కా ట్రంకుపెట్టెలో ఉంది. పక్క కుట్లు వెయ్యలేదు. మనిషి ఎంత చిక్కిపోయాడో తెలియదు కదా. జైలు నుంచి విడుదలై వచ్చాక ఎదురుగా నిలబెట్టి కొలత చూసి వెయ్యండి.

3. నా మెత్తటి దుప్పటి అత్తయ్యకు. వద్దంటుంది, కప్పెయ్యండి.

4. ఇది బావగారికి. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మీ తమ్ముణ్ణి పోలీసులు షెడ్డులోంచి తీసుకుపోయి పద్నాలుగు నెలలు. కేసు లేదు, కోర్టు లేదు. అలాంటివాళ్ళు అరవైమంది. మా పాస్టరుగారు, ఇంకో రెండు చర్చీల పెద్దలు జైలు గేటు ముందు నిలబడి, "నేరమేదో చెప్పండి, లేదా ఇంటికి పంపండి. మేమడిగేది దయ కాదు" అన్నారు. లేని పేర్లు కల్పించారని అధికారులు నవ్వారట. అందుకని పాస్టరుగారు ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఆదివారం ఒక్కో పేరూ చదువుతారు. ఆ ఇంటివాళ్ళు లేచి, "మా మనిషే" అనాలి. అలా ఎవరో ఒకరు లేచిన పేర్లే సోమవారం అర్జీలోకి ఎక్కుతాయి.

మొదటి ఆదివారం మా ఆయన పేరు రెండుసార్లు చదివారు. నేను లేవలేదు. అంతమందిలో తల వంచుకుని గోళ్ళు చూసుకుంటూ ఉండిపోయాను. ఆ వారం అర్జీలో ఉన్నవాళ్ళను ఇంటివాళ్ళకు చూపించారు. ఆ తరువాత గేటు మళ్ళీ తెరవలేదు. అప్పటినుంచి ఒక్క ఆదివారం తప్పకుండా లేస్తున్నాను.

బావగారూ, ఆ రోజు మీరూ నా పక్కనే ఉన్నారు. "నాకు పిల్లలున్నారమ్మా" అన్నారు. పాస్టరుగారు ఇంటికి వస్తే పెరటి దారిన జారుకున్నారు. నాది సిగ్గు, మీది భయం. మనిషిని కూర్చోబెట్టడంలో రెండూ ఒకటే.

ఈ మందుల నిద్రలో ఒకటే కల. చర్చి నీళ్ళ మీద ఉన్నట్టు మెల్లగా ఊగుతూ ఉంటుంది. పాస్టరుగారు పేరు చదువుతారు. బెంచీలన్నీ ఖాళీ. ఎక్కడో గోడ అవతల మా ఆయన చెవి ఒగ్గి వింటూ ఉంటాడు. ఎవరూ లేవరు. ఆయన ఇంకాసేపు వింటాడు.

కనుక మూడో బెంచీలో నడవ వైపు నా చోటును, లేచి నిలబడే బాధ్యతతో సహా, బావగారికి దఖలు పరుస్తున్నాను. దీన్ని ఇంకొకరికి బదలాయించకూడదు. అత్తయ్యకు చెవులు వినపడవు, పేరు ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలియదు. గట్టిగా అననక్కర్లేదు. నేనూ గొణిగేదాన్నే. పాస్టరుగారు పెదాలు చూసి రాసుకుంటారు.

5. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత పాస్టరుగారిది. ఆ పేరు చదివేటప్పుడు ఆయన మొహమాటపడకుండా బావగారి వంక చూడాలి.

నేను కోలుకుని ఇంటికి వస్తే పైవన్నీ రద్దు. మిషను నాదే, దుప్పటి నాదే. నాలుగో అంశం మాత్రం రద్దు కాదు. బావగారూ, నేను కొంచెం జరుగుతాను. ఇద్దరం లేద్దాం.

తేదీ: జూలై పద్నాలుగు, మంగళవారం.

సంతకం: మెకానిక్ భార్య

సాక్షులు:
వార్డు నర్సు
పక్క మంచం పెద్దమ్మ (చదివి వినిపించాక వేలిముద్ర)