మరియమ్మ సమాధి దగ్గర పదిమంది

పాల్వంచ, 16 సెప్టెంబరు 1991

గుంటూరు వైపు యూదు మతం పాటించే తెలుగువాళ్లలో కలిసిపోయిన తమ్ముడు ఇవాళ వచ్చాడు. ఎల్లుండి వాళ్ల ప్రాయశ్చిత్త దినమట. ఎప్పుడో వదిలేసిన భార్య మరియమ్మను క్షమాపణ అడగాలన్నాడు. ఆమె పోయిన నెలలోనే చనిపోయిందని నేనే చెప్పాల్సి వచ్చింది.

“యేసు రక్తం అన్ని పాపాలను కడుగుతది కదరా,” అన్నాను.

“మీ మెస్సీయ వచ్చిండన్నా, మా మెస్సీయ ఇంకా రాలే. మనిషికి చేసిన తప్పు ఆ మనిషే క్షమించాలె. ఆ మనిషి లేకపోతే, పదిమంది ముందు సమాధి కాడ ఒప్పుకోవాలె.”

పాస్టరునై ఉండి, సంఘంలో ఎనిమిది మందిని బతిమాలి తీసుకెళ్లాను. నాతో తొమ్మిది. పదో మనిషిగా, పిలవకుండానే మరియమ్మ తల్లి వచ్చి నిలబడింది.

తమ్ముడు ఏడుస్తూ అంతా ఒప్పుకున్నాడు. ఆ తల్లి తిట్టలేదు, క్షమించాననీ అనలేదు.

“నా బిడ్డ పానంతోని ఉన్నప్పుడు ఎందుకు రాకపోతివయ్యా?” అంది.