ఎడమచేతి పురి

మోత్కూర్
ఫిబ్రవరి 9, 1964

నర్సూ, నా ముద్దుల తమ్ముడా,

నీ కార్డు అందింది. పాలమూరులో మంచి ఇల్లు కిరాయికి దొరికిందని, బావి వాకిట్లోనే ఉందని రాశావు. సంతోషం. మిగతా క్షేమాలు తర్వాత రాస్తాను. ముందు నా కడుపులో ఉన్నది కక్కకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు.

మీ బావ నా దగ్గర ఏదో దాచాడు. పదిహేను రోజులు కనిపెట్టి చూశాను. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంటుంది, ఈయన పొద్దున్నే హైదరాబాదు బస్సెక్కుతాడు. ఏం పని అంటే సొసైటీ పని అంటాడు. సొసైటీలో అడిగితే, "మాకేం పని లేదు చెల్లె, నీ మొగడు మాకే కనవడక వారమాయె" అన్నారు. మొన్న అంగీ ఉతుకుదామని జేబులు చూస్తే నాలుగు ఫోటోలు. నాలుగూ ఆయనవే! జుట్టు నున్నగా దువ్వుకొని, మెడదాకా గుండీలు పెట్టుకొని, కొత్త పెళ్లికొడుకు వేషం. నలభై రెండేళ్ల మగవాడికి నాలుగు ఫోటోలు ఎందుకు చెప్పు? ఒకటి ఇంట్లో పెట్టుకోవడానికి అనుకున్నా, మిగతా మూడూ ఏ మహాతల్లికి? నేను పొయ్యి ఆర్పేసి, "ఈ పూట బువ్వ లేదు, ఫోటోలు తిను" అన్నాను. అప్పుడు నోరు విప్పాడు.

"కరాచీ పోవాల్నని తిరుగుతున్న. అక్క జాబు రాయించింది. కడుపుల గడ్డట. ఎండకాలం దాటదని దవాఖానోళ్లు చెప్పిన్రట. ఒక్కపారి మొఖం చూపిచ్చి పో తమ్మీ అన్నది" అన్నాడు.

లక్ష్మీనర్సమ్మ వదినను నువ్వు చూడలేదు. మీ బావకు రెండేళ్లప్పుడు తల్లి పోతే, పదేళ్ల ఆ పిల్లే చంకనెత్తుకొని పెంచింది. పెళ్లయ్యాక మొగుడితో బొంబాయి మిల్లుకు పోయింది, అక్కడి నుంచి కరాచీ మిల్లుకు పోయారు. అప్పుడు అదీ ఇదీ ఒకటే దేశం. ఇప్పుడు ముందుగా మన సర్కారు పాస్‌పోర్టు ఇవ్వాలట, చుట్టపుచూపుకు రావచ్చని దాని మీద ఆ సర్కారు ముద్ర వెయ్యాలట. ఆ ముద్రను వీసా అంటారట. ఇంత పెద్ద సంగతి నా దగ్గర ఎందుకు దాచావంటే, "అండ్ల జైలు ముచ్చట రాయాలె. జైలంటెనే నీకు మండుతది గద" అన్నాడు.

మండదా మరి? నలభై తొమ్మిదిలో పట్వారి ఇంట్లో దస్తరాలకు నిప్పు పెట్టి, తనే పోయి ఒప్పుకొని, మూడేళ్లు లోపల కూర్చున్నాడు. దస్తరాలు కాలితే ఊరి అప్పులు పోతాయన్నారు. ఊరికి ఏం పోయిందో గాని నా ఇల్లు పోయింది. ఏడో నెల కడుపుతో పరాయివాళ్ల మగ్గాల మీద కూలికి నేశాను. ఆ బిడ్డ నిలవలేదు. ఆ తర్వాత ఇంకొకరు పుట్టలేదు. పదిహేనేళ్లయినా ఆ ఒక్కదాన్ని నేను ఆయనకు మాఫీ చెయ్యలేదు. నీకు గాక ఎవరికి చెప్పుకోను? నిన్నూ నేను చంకనెత్తుకొనే పెంచాను కదా.

ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది, నీకు ఎప్పుడైనా కోర్టులో శిక్ష పడిందా అని. అక్కడ ఏం రాయాలి? నువ్వు కచేరీలో గుమాస్తావు, నీకు తెలుస్తుంది. కోపం కోపమే గాని, చావబోయే మనిషి దగ్గరికి పోతానంటే నేను అడ్డం పడను. గడ్డ సంగతి ఎవరితోనూ అనలేదు. మా పొయ్యి ఎందుకు ఆరిందో చూడ్డానికి వచ్చిన పక్కింటి భద్రమ్మ గడపలో నిలబడి విన్నది. ఆమె తర్వాత నీకే చెబుతున్నాను.

నీ జవాబు కోసం చూసే
అక్క ఆండాళు


మోత్కూర్
మార్చి 8, 1964

ప్రాణంలో ప్రాణమైన తమ్ముడికి,

నీ జాబు మీ బావకు చదివి వినిపించాను. శిక్ష పడలేదనే రాయండి, పదిహేనేళ్ల నాటి కాగితాలు ఎవరు తిరగేస్తారు, అసలు ఈ రోజుల్లో ఆ దేశం పోవడమే మంచిది కాదు, మానుకోమను అని రాశావు. నీ భయం నాకు అర్థమైంది గాని మీ బావ వినలేదు. "పడ్డదాన్ని పడలేదంటె ఎట్ల? ఆల్లు తీసి చూస్తె ఎన్నటికి పోనియ్యరు" అన్నాడు. ఏ సంవత్సరం, ఏ నేరం, ఎన్నేళ్లు, అన్నీ రాయించి పంపాడు.

ఠాణా నుంచి జమేదారు గుర్వయ్య విచారణకు వచ్చాడు. మంచం వాల్చాం, మజ్జిగ ఇచ్చాం. "నిజం రాసినవు, గదే మంచిగైంది వెంకటరాజం. శిక్ష అయిపాయె, బయటికొచ్చి పన్నెండేండ్లాయె, మల్ల ఒక్క కేసు లేదు. నా రిపోర్టు మంచిగనే పోతది. దాచినోళ్లకే తిప్పలు" అన్నాడు. ఆ రోజు మీ బావ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పది రోజులకు జమేదారు మళ్లీ వచ్చాడు. ఈసారి మజ్జిగ ముట్టలేదు. పైవాళ్లకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందట. రెండు కాగితాలు తీసి చదివాడు. వెంకటరాజం తగలబెట్టింది ఒక్క దస్తరాలే కాదట, ఆనాటి పోరాటపు మనుషులతో ఇప్పటికీ రాకపోకలు ఉన్నాయట, అక్క కడుపులో గడ్డ అన్నది కట్టుకథట, దేశం దాటితే తిరిగి రాడట, కాబట్టి పోనివ్వొద్దట. "గిది అబద్ధమని తేలాలె. ఎవరు రాసిన్రో తెల్వాలె. అప్పటిదాక నా కలం కదలదు" అన్నాడు జమేదారు.

నర్సూ, గడ్డ సంగతి ఆ ఉత్తరంలోకి ఎట్లా పోయింది? నువ్వు నా ఇంటివాడివి, నీ సంగతి వదిలెయ్. ఇక మిగిలింది భద్రమ్మే కదా? నేను కొంగు బిగించి ఆమె వాకిట్లోకి పోయాను. "నాకు ఓనమాలే రావు, నేనేడ రాస్త? ఇంటిదొంగను ఈశ్వరుడు గూడ పట్టడు. నీ ఇంట్ల దేవులాడుకో పో!" అని నా మీద లేచింది. ఓనమాలు రానివాళ్లు ఇంకొకరితో రాయించుకోలేరా? అదే అడిగాను. ఇరవై ఏళ్ల స్నేహం ఆ పూటతో తెగింది. ఇప్పుడు మా వాడలో ఎవరు ఎవరితో మాట్లాడినా నాకు మా మాటే అనిపిస్తుంది. బావి దగ్గర నేను పోగానే నవ్వు ఆగిపోతుంది. పోస్టు డబ్బా దగ్గర ఎవరైనా నిలబడితే వాళ్ల చేతుల వైపే చూస్తున్నాను.

మీ బావ కూడా ఆ ఉత్తరం చూసినప్పటి నుంచి మారిపోయాడు. ఆయనకు చదువు అంతంత మాత్రమే. జమేదారు దగ్గర కాగితాలు చేతిలోకి తీసుకొని, వాటిని మూలన కలిపి కుట్టిన నూలుపోగును చాలాసేపు వేళ్లతో తడిమాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పిలిస్తే పలకడు, పెడితే తినడు.

కచేరీల సంగతి నీకు తెలుసు. ఆ ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో నెమ్మదిగా ఆరా తియ్యి. వదినకు రోజులు దగ్గరపడుతున్నాయి.

నిన్నే నమ్ముకున్న
అక్క ఆండాళు


మోత్కూర్
మార్చి 19, 1964

నా చిట్టి నర్సుకు,

మీ బావ మూడు రోజులు తన రొట్టె తనే కాల్చుకున్నాడు. నా చేతి తిండి అంటే విషమైపోయింది. నిన్న పెనం లాగేసి, ఏమైందో చెప్తావా చస్తావా అని కూర్చున్నాను.

"కాయితాలు కుట్టిన పోగుకు ముడి లేదు. పురి వెట్టి అతికిన్రు. గది గూడ ఎడమకు. గీ వాడల ఎడమకు పురి వెట్టేది నువ్వొక్కదానివే ఆండాళూ. నేను పోవుడు ఇష్టం లేకుంటె నా మొఖం మీద చెప్పకపోయినవా?" అన్నాడు.

నువ్వు మగ్గం విడిచి చాలా ఏళ్లయింది, మరిచిపోయావేమో, అందుకే రాస్తున్నాను. నేత దిగాక కొత్త పడుగు పెట్టేటప్పుడు, పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి, వేళ్లకు బూడిద అద్దుకొని మెలిపెడతాం. ముడి వేస్తే అది దువ్వెన పళ్లలాంటి అచ్చులో ఇరుక్కుంటుంది, పోగు తెగుతుంది. అందుకని మనవాళ్ల వేళ్లకు ముడి కన్నా పురే ముందు వస్తుంది. అందరూ కుడికి పెడతారు. మన నాయిన ఎడమచేతివాడు, ఆయన దగ్గర నేర్చుకున్నందుకు మనకూ ఎడమకే వచ్చింది. అత్తగారింట్లో మొదటి ఏడాది దీనికి ఎంత నవ్వారో నీకు తెలుసు. కచేరీల్లో కాగితాలకు గుండుసూది గుచ్చుతారట. దొంగతనంగా ఇంట్లో కూర్చొని రాసేవాడికి గుండుసూది దొరక్కపోతే, ఇంట్లో ఉన్న పోగు తీసుకుంటాడు. వాడు చేతిరాత మార్చుకుంటాడు. వేళ్ల సంగతి వాడికి తట్టదు.

మీ బావ మీద నాకు కోపం రాలేదు. ఆయన జాగాలో ఉంటే నేనూ అట్లాగే అనుకునేదాన్ని. కానీ ఆ ఉత్తరం నేను రాయలేదు. అది నాకు తెలుసు. నాయిన పోయి ఇరవై ఏళ్లు. ఎడమకు పురి పెట్టేవాళ్లు ఇంకెవరున్నారని లెక్కపెడితే ఒక్క వేలే లేచింది.

తమ్ముడూ, ఒక్క కార్డు రాయి. "నేను కాదు అక్కా" అని మూడే మాటలు. ఇంకేమీ అడగను. నువ్వు రాస్తే నమ్ముతాను, నా వేళ్లను కూడా నమ్మను. గడ్డ సంగతి గాలికి పోయిందనుకుంటాను. కాదని రాయి నాన్నా.

గడపలో కూర్చున్న
అక్క ఆండాళు


మోత్కూర్
మే 20, 1964

నర్సూ,

నీ కార్డు రాలేదు. పోస్టాయన మా గడప దాటి పోయినప్పుడల్లా నీ జవాబు నాకు అందుతూనే ఉంది.

వారం రోజులు చూసి, ఎడమ పురి నా తమ్ముడికి కూడా వస్తుందని మీ బావతో అన్నాను. ఆయన చేతిలో నూలు కండె కింద పడింది. "వాడు యాదికే రాలే" అన్నాడు. పడ్డ కండె ఏరుకుంటూ, "భయపడ్డట్టున్నడు. పాత కాయితాలు తీస్తె ఏడ బయటవడ్తదోనని" అన్నాడు. ఏం బయటపడుతుంది, శిక్ష నీది కదా అన్నాను. చెప్పడానికి ఆయనకు ఇష్టం లేదు. నేను వదల్లేదు.

"దస్తరాలకు అగ్గి వెట్టింది వాడు. పదిహేడేండ్ల పోరడు. పోలీసులు ఇల్లిల్లు దిరుగుతున్నరు. మీ అవ్వ వచ్చి నా కాళ్ల మీద వడ్డది. నేనే పెట్టిన్నని పోయి చెప్పిన."

"నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తె నీకు తమ్ముడు లేకుంట పోవు గద. నాకు అక్క ఎట్లనో, వానికి నువ్వు గట్ల" అన్నాడు.

నేను ఏడ్చాను నర్సూ. నీ కోసం కాదు. బిడ్డ పోయిందని పదిహేనేళ్లు ఆ మనిషిని తిట్టని తిట్టు లేదు. అన్నీ పడ్డాడు. నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా నీ ముందరే తిట్టాను. నువ్వు నేను పెట్టింది తింటూ విన్నావు. ఒక్కసారి కూడా నీకు ముద్ద గొంతులో అడ్డం పడలేదా?

నీ పేరు చెప్పడానికి ఠాణాకు బయలుదేరాను. మీ బావ గడపకు అడ్డం కూర్చున్నాడు. "వాని నౌకరి పోతది. పిల్లలు బజార్ల వడ్తరు. నేను మూడేండ్లు కూసున్నది ఉత్తగనే పోతది. నేను కరాచీ పోకున్న మంచిదే" అన్నాడు. అక్క జాబు చేతిలోనే పట్టుకొని అన్నాడు ఆ మాట. నేను ఆయన్ను దాటి పోయాను.

పోయాను గాని నీ పేరు నా నోటికి రాలేదు. "గా ఉత్తరం నేనే రాసిన సాబ్. పోతె తిరిగి రాడేమోనని భయమైంది" అన్నాను. జమేదారు నమ్మలేదు. చేతిరాత నీది కాదు కదా అన్నాడు. దొరకొద్దని వేరుగా రాశానన్నాను. నా కొంగు అంచు నుంచి రెండు పోగులు లాగి, ఆయన కళ్ల ముందర పురి పెట్టి చూపించాను. ఆయన కాగితాలు తీసి రెండూ పక్కపక్కన పెట్టాడు. వెంట్రుకంత తేడా లేదు. "ఆడదాని అనుమానం ఇల్లు ముంచుతదంటరు, నిజమే. చావవోయే ఆడబిడ్డ మీద గిట్ల రాస్తవా?" అని అందరి ముందర గడ్డి పెట్టాడు. తల దించుకొని సంతకం చేశాను. నువ్వు రాసిన అబద్ధం ఇప్పుడు సర్కారు దగ్గర నా పేరు మీద ఉంది. రిపోర్టు పోయింది, పాస్‌పోర్టు వచ్చింది. నిన్న వీసా కూడా వచ్చింది, ముప్పై రోజులకు.

వాడంతా తెలిసింది. భద్రమ్మ నా వాకిట్లో నిలబడి, "నువ్వు రాసుకొని నా మీద వెడితివి!" అని మన్ను ఎత్తి పోసి పోయింది. ఆమె కాళ్లు పట్టుకోవలసినదాన్ని, నోరెత్తలేకపోయాను. బావికి ఇప్పుడు నేను అందరూ పోయాక పోతున్నాను. మీ బావకు తప్ప ఈ ఊళ్లో నేను ఎవరికీ మంచిదాన్ని కాను.

ఈ నెల ఇరవై ఎనిమిదిన ఆయన నాంపల్లిలో బొంబాయి రైలెక్కుతున్నాడు. అక్కడి నుంచి ఓడలో పోతాడు. నువ్వు స్టేషనుకు రా. జమేదారుకు ఏమీ చెప్పనక్కరలేదు, కోర్టుకు చెప్పనక్కరలేదు. మీ బావకు చెప్పు, నీ నోటితో, ఆయన మొహం చూసి. ఆయన విననంటాడు, మాట మారుస్తాడు, చాయ్ తాగుదాం పా అంటాడు. ఆగకుండా చెప్పు. నేను రావడం లేదు. కరాచీ చేరాక ఆయన రాసే మొదటి ఉత్తరంలో నువ్వు వచ్చావో లేదో ఉంటుంది.

ఆ దేశంలో చావబోతున్న అక్కకు తమ్ముడు దొరికాడు. ఈ దేశంలో బతికున్న అక్కకు ఉన్నాడో లేడో నువ్వే తేల్చు.

ఆండాళు